చేయించిన పనిలో మన పాలు ఎంత?

మన శ్రావక కుటుంబాలలో ధర్మచర్చ వచ్చినప్పుడు ఆహారం గూర్చి, ఉపవాసం గూర్చి, దానం గూర్చి ఎక్కువగా మాట్లాడుకొంటాము. రాత్రి భోజనం మానవలెననీ, కందమూలాలు విడువవలెననీ, నీళ్ళు వడకట్టి త్రాగవలెననీ మన తల్లులు చిన్నప్పుడే నేర్పారు. కాని ఇంటిముందు నిలబడిన కారు గూర్చి ధర్మదృష్టితో అడిగేవారు తక్కువ. కొన్నరోజున నవకార మంత్రం చదివి, కుంకుమ బొట్టు పెట్టి, మిఠాయి పంచుతాము. ఆ తరువాత పదిహేనేళ్ళు దాని సంగతి డ్రైవరుకు, షెడ్డులోని మిస్త్రీకి వదలివేస్తాము. బిల్లు వస్తే బేరమాడి ఇస్తాము. అంతటితో మన సంబంధం తీరిపోయినదనుకొంటాము.

ఇక్కడ విచారించదలచిన ప్రశ్న ఒక్కటే. డబ్బు ఇచ్చి ఇతరులచేత చేయించిన పనిలో మన పాలు ఎంత? మా ఇంట 2004 నాటి మారుతి 800 ఒకటి ఉన్నది. అది 2 లక్షల 30 వేల కిలోమీటర్లు దాటింది. దాని చిన్నచిన్న మరమ్మతులు స్వయంగా చేసుకొనుట నేను కొన్నేళ్ళుగా నేర్చుకొంటున్నాను. అందువల్ల ఈ ప్రశ్న నాకు పుస్తకంలోనుంచి గాక బానెట్ క్రిందినుంచి ఎదురైంది. నేను పండితుడను కాను, బజారులో కూర్చొనే వర్తకుడను. కావున వర్తకునికి తెలిసిన లెక్కలోనే విషయం చెప్పుతాను.

మన ధర్మంలో పాపపుణ్యాల లెక్కకు మూడు కరణాలు చెప్పారు. తాను చేయుట, ఇతరులచేత చేయించుట, ఇతరులు చేసినదానిని మెచ్చుకొనుట. ఈ మూడింటికీ మనస్సు, మాట, శరీరం అనే మూడు యోగాలు కలిపి చూస్తారు. సాధువులు మూడు కరణాలనూ విడుస్తారు. గృహస్థుడు అంత చేయలేడు కావున, స్థూలహింస మొదలైన వ్రతాలను సామాన్యంగా రెండు కరణాలతో తీసుకొంటాడు. అనగా నేను చేయను, చేయించను అని. ఇందులో గమనించవలసినది ఏమనగా, మెచ్చుకొనుట విషయంలో గృహస్థునికి కొంత సడలింపు ఉన్నది గాని చేయించుట విషయంలో లేదు. చేతికి మసి అంటకపోయినంత మాత్రాన ఖాతాలో పద్దు పడకుండా పోదు. గుమాస్తా వ్రాసిన బిల్లుకు యజమాని బాధ్యుడైనట్లే, కూలి తీసుకొని మిస్త్రీ చేసినదానిలో కారు యజమానికీ పాలు ఉన్నది.

వాహనాల సంగతి శాస్త్రాలకు తెలియనిది కాదు. ఉపాసకదశాంగంలో చెప్పిన పదిమంది శ్రావకులలో మొదటివాడు వాణిజ్యగ్రామంలోని ఆనందుడు. అతడు భగవాన్ మహావీరుని ఎదుట వ్రతాలు తీసుకొన్నప్పుడు తన ఆస్తికి హద్దులు పెట్టుకొన్నాడు. దూరదేశాలకు పోయే బండ్లు 500, ఇంటి పనులకు తిరిగే బండ్లు 500, ఇంతకు మించి ఉంచనని నియమం పట్టాడు. వెయ్యి బండ్లు గల వర్తకుడు కూడా తన బండ్లను వ్రతంలో చేర్చి లెక్క చెప్పాడు. హేమచంద్రాచార్యులు 12వ శతాబ్దంలో వ్రాసిన యోగశాస్త్రంలో శ్రావకుడు మానవలసిన 15 కర్మాదానాలను వివరించారు. వాటిలో శకటకర్మ ఒకటి, భాటకకర్మ మరొకటి. బండ్లను, వాటి భాగాలను చేసి, తోలి, అమ్మి బ్రతుకుట మొదటిది. బండ్లను, పశువులను కిరాయికి త్రిప్పుట రెండవది. మనవారిలో లారీలు, స్పేర్ పార్టుల వ్యాపారం చేసేవారు ఉన్నారు. వారిని తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. బండి అనేది ధర్మవిచారానికి బయటి వస్తువు కాదని మాత్రమే నా మనవి.

ఇప్పుడు మన బండి క్రింద ఏమి జరుగుతున్నదో చూద్దాము. చిన్న కారు ఇంజనులో సుమారు మూడు లీటర్ల ఆయిల్ పడుతుంది. ఇనుము ఇనుముతో రాసుకోకుండా మధ్య పొరగా నిలుచుట దాని పని. అరుగుడు పొడిని, మసిని తనలో పట్టి ఉంచుకొని అది నల్లబడుతుంది. కొన్నివేల కిలోమీటర్లకు ఒకసారి దానిని మార్చవలెను. తీసిన ఆ నల్లని ఆయిల్ ఏమవుతున్నది? ఒక షెడ్డులో దానిని వెనుకవైపు మురికి కాలువలో గుమ్మరించుట నేను కళ్ళారా చూచాను. ఆ కాలువ చెరువుకో, పొలానికో, చివరకు సముద్రానికో పోతుంది. ఆయిల్ నీటిమీద పొరగా పరచుకొంటే క్రింది జీవులకు గాలి అందదు. మట్టిలో ఇంకితే నూతినీరు చెడుతుంది. నీళ్ళు వడకట్టి, అందులోని సూక్ష్మజీవులను వచ్చిన చోటికే జాగ్రత్తగా చేర్చే మనము, ఏడాదికి రెండుసార్లు మన పేరుమీద ఇట్టి పని జరుగుతూ ఉంటే ఎరుగకుండా ఉండుట ఎట్లు కుదురుతుంది?

రేడియేటరులో పోసే కూలెంటు సంగతి ఇంకా ముఖ్యం. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం తియ్యగా ఉంటుంది. నేలమీద కారిన దానిని కుక్కలు, పిల్లులు నాకుతాయి. కొద్దిపాటి మోతాదుకే వాటి మూత్రపిండాలు చెడి చచ్చిపోతాయి. పాత బండిలో రబ్బరు గొట్టాలు బీటలు వారి బొట్లుబొట్లుగా కారుట సామాన్యం. పింజరాపోళ్ళకు ధారాళంగా చందాలు ఇచ్చే ఇంటి ముంగిటిలోనే ఈ విషం పడి ఉండవచ్చును. పసుపు రాసుకొన్న గుమ్మం ముందు ఆకుపచ్చని చిన్న మడుగు కనిపిస్తే అది ఏమిటో తెలిసికొనుట కూడా జీవదయలో భాగమే.

కావున నేర్చుకొనుట అన్నప్పుడు డబ్బు మిగుల్చుకొనుట ఒక్కటే దానికి అర్థం కాదు. చేయించేవాడు తాను చేయించుచున్నది ఏమిటో తెలిసికొనుట మొదటి అర్థం. తెలియనివాడు మంచిగా చేయించలేడు. తూకం తెలియని యజమాని దుకాణంలో తూకాలు నిలువవు గదా!

సాధువులు, సాధ్వులు ప్రతిదినం ఉదయం, మధ్యాహ్నం తమ వస్త్రాలను, పాత్రలను విప్పి, త్రిప్పి చూచుకొంటారు. దీనిని ప్రతిలేఖన అంటారు. ఏ చిన్న ప్రాణి దానిలో చిక్కుకొన్నదో, ఏమి చిరిగినదో చూచి, మెత్తగా దులిపి మళ్ళీ పెట్టుకొంటారు. వారికున్నవి నాలుగు వస్తువులు. మనకున్నవి నాలుగు వందలు. అన్నింటినీ చూడలేము గాని, నలుగురి ప్రాణాలను మోసే వస్తువును వారానికొకసారి చూడలేమా? నేను ఆదివారం ఉదయం సామాయికం అయిన తరువాత అరగంట దీనికి కేటాయించాను. బండికి కూడా ఇది ఒక ప్రతిలేఖన అనుకొంటే పని భారమనిపించదు.

మొదట బానెట్ ఎత్తకముందు దానిమీద రెండుసార్లు అరచేతితో తట్టవలెను. వానకాలంలోను, చలికాలంలోను ఇంజను వెచ్చదనానికి పిల్లులు, ఉడుతలు లోపల చేరతాయి. స్టార్టు చేస్తే బెల్టుకు చిక్కి చస్తాయి. ఎత్తిన తరువాత ఆయిల్ చూసే పుల్లను తీసి తుడిచి, మళ్ళీ పెట్టి తీసి, రెండు గీతల మధ్య ఉన్నదా అని చూడవలెను. బాగా తిరిగిన ఇంజను కొంత ఆయిల్ త్రాగుతుంది కనుక, కొత్త బండివారు నెలకొకసారి చూస్తే మనము వారానికొకసారి చూడవలెను. ఇంజను చల్లగా ఉన్నప్పుడే కూలెంటు చూడవలెను. వేడిమీద రేడియేటరు మూత తీస్తే మరిగే నీరు ముఖానికి ఎగజిమ్ముతుంది. బ్యాటరీలో నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. ఆ సమయంలో దగ్గర అగరువత్తి గాని దీపం గాని ఉండరాదు. బ్యాటరీనుంచి వచ్చే గాలి మండేది.

తరువాత టైర్లు. రెండు అంచులూ అరిగి మధ్య నిలిచి ఉంటే గాలి తక్కువ పట్టుతున్నామని అర్థం. మధ్య అరిగి అంచులు నిలిచి ఉంటే గాలి ఎక్కువ. సైలెన్సరు పొగ కూడా మాట్లాడుతుంది. నీలిపొగ ఆయిల్ కాలుతున్నదని, నల్లపొగ పెట్రోలు ఎక్కువ పడుతున్నదని, ఇంజను వేడెక్కిన తరువాత కూడా దట్టంగా తెల్లపొగ వస్తే కూలెంటు లోపలికి పోతున్నదని చెప్పుతుంది. ఈ గుర్తులు తెలిసికొనుటకు కాలేజీ చదువు అక్కరలేదు. చెయ్యి చూచి పత్తి రకం చెప్పే వర్తకునికి ఇది ఎంత పని?

మన గంజాం ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక మాట. బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం సుమారు 16 కిలోమీటర్లు. ఉప్పుగాలి ఇనుమును తింటుంది. తలుపుల అడుగున నీరు కారిపోయేందుకు చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలో ఆకులు, మట్టి చేరితే నీరు నిలిచి తలుపు లోపలినుంచి తుప్పుపడుతుంది. పుల్లతో ఆ రంధ్రాలను తెరచి ఉంచుట రెండు నిమిషాల పని. తుప్పుపట్టిన తలుపు మార్చుట వేల రూపాయల పని. సముద్రపు ఒడ్డుకు పోయివచ్చినప్పుడు బండి అడుగుభాగాన్ని తడిబట్టతో తుడవవలెను, లేక బకెట్టు నీటితో కడుగవలెను. గొట్టం పెట్టి గంటసేపు నీళ్ళు వదలుట మనకు తగదు. ఇక చాతుర్మాసంలో రాత్రిపూట లైటు పెట్టుకొని ఈ పని చేయరాదు. వెలుగుకు పురుగులు మూగి తెరచిన ఆయిల్ పళ్ళెంలో పడతాయి. నెయ్యి, నూనె గిన్నెలకు మూత లేకుండా వదలుట ప్రమాదమని మన పెద్దలు ఇంట్లో చెప్పిన మాట షెడ్డుకు కూడా వర్తిస్తుంది. కావలసిన హింస వేరు, అజాగ్రత్తవల్ల జరిగే హింస వేరు. రెండవదానిని అనర్థదండమని మన వ్రతాలలో ప్రత్యేకంగా చేర్చారు.

ఇక కొందరు మిత్రుల మాట. "ఎంత చూచుకొన్నా జరగవలసినది జరుగుతుంది. బండి గీత బాగుంటే ఇంకో లక్ష తిరుగుతుంది, లేకుంటే రేపే ఆగుతుంది" అంటారు. ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి నిశ్చింతగా ఉంటారు. దీనికి సమాధానం ఉపాసకదశాంగంలోనే ఉన్నది. పోలాసపురంలో సద్దాలపుత్రుడనే కుమ్మరి శ్రేష్ఠి ఉండేవాడు. అతడు ఆజీవకుల మతంవాడు. సర్వం నియతమే, మనుష్య ప్రయత్నం ఏమీ లేదని అతని నమ్మకం. భగవాన్ మహావీరుడు అతని ఆరబెట్టిన కుండలను చూపించి, ఇవి ప్రయత్నంవల్ల తయారైనవా, ప్రయత్నం లేకుండానా అని అడిగారు. ప్రయత్నం లేకుండానే, అంతా ముందే నిశ్చయమై ఉన్నదని అతడు చెప్పాడు. అయితే ఎవడైనా వచ్చి నీ కుండలను పగులగొడితే ఏమి చేస్తావని మళ్ళీ అడిగారు. వానిని తిడతాను, కొడతాను అన్నాడు. అంతా నియతమే అయితే వాడు పగులగొట్టినది ఏమున్నది, నీవు వానిని దండించుట ఎట్లు న్యాయమని భగవానుడు ప్రశ్నించేసరికి సద్దాలపుత్రునికి కళ్ళు తెరిచాయి.

మన సంగతీ ఇంతే. బండి నడిరోడ్డుమీద ఆగితే మిస్త్రీని తిడతాము, కంపెనీని తిడతాము, డ్రైవరు జీతం కోస్తాము. తప్పు ఇతరులదైతే ప్రయత్నలోపమంటాము, మనదైతే గీత అంటాము. ఇది ఒకే త్రాసుకు రెండు రాళ్ళు వాడుట వంటిది. కర్మసిద్ధాంతం చేతులు ముడుచుకొమ్మని ఏనాడూ చెప్పలేదు. పురుషకారం లేకుంటే కుండ లేదు, బండి లేదు, మోక్షమూ లేదు.

అయితే స్వయంగా చేసుకొనుటకు కూడా ఒక హద్దు ఉన్నది. పని కొంచెం చేతికి వచ్చేసరికి మానకషాయం తల ఎత్తుతుంది. ఆయిల్ మార్చగలిగినవాడు బ్రేకులు విప్పగలననుకొంటాడు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం గలది. పాతబడినకొద్దీ అది మరిగే వేడి తగ్గిపోతుంది. తప్తపాణి ఘాట్ దిగేటప్పుడు వరుసగా బ్రేకు నొక్కుతూ ఉంటే ఆ వేడికి లోపలి నీరు ఆవిరై పెడలు మెత్తబడి అడుగుకు పోతుంది. కావున రెండేళ్ళకొకసారి దానిని మార్పించవలెనని తెలిసికొనుట మన పని. గొట్టాలలో గాలి లేకుండా దానిని మార్చుట తెలిసినవాని పని. స్టీరింగు, టైమింగు బెల్టు, కొత్త బండ్లలోని ఎయిర్‌బ్యాగులు కూడా అట్టివే. బండి ఎత్తినప్పుడు చక్రాలకు అడ్డం పెట్టకుండా, స్టాండు లేకుండా, జాకీ ఒక్కదానిని నమ్మి క్రిందికి దూరుట ప్రాణాంతకం. నాకు తెలిసినది ఇంత, తెలియనిది అంత అని గీత గీసుకొనుట సత్యవ్రతంలో భాగం. తెలియని బ్రేకు విప్పి కుటుంబాన్ని జాతీయరహదారి మీదికి తీసుకుపోయేవాడు నోటితో అబద్ధమాడకపోయినా చేతితో ఆడినట్లే.

స్పేర్ పార్టుల సంగతిలో అచౌర్యవ్రతం కూడా వస్తుంది. దొంగ తూకం, దొంగ కొలతలతోపాటు, అసలు సరుకు పేరుతో నకిలీ సరుకు నడుపుటను ఆ వ్రతానికి అతిచారంగా చెప్పారు. నకిలీ బ్రేకు షూలు, నకిలీ ఫిల్టర్లు సగం ధరకు దొరుకుతాయి. అసలు పెట్టెలో నకిలీ పెట్టి అమ్మేవాడు ఎంత బాధ్యుడో, తెలిసి తెలిసి చవకని కొని ఇతరులకు బండి అమ్మేవాడూ అంతే బాధ్యుడు. పెట్టె, ముద్ర, బరువు, అంచుల నునుపు చూచి వస్తువు పోల్చుకొనుట మన వర్తకులకు కొత్త విద్య కాదు. దానిని మన స్వంత బండికి ఉపయోగించుట లేదు, అంతే.

ఇప్పుడు రెండు ఆక్షేపణలను తీసుకొందాము. మొదటిది: సేఠు స్వయంగా పానా పట్టుకొంటే పేద మిస్త్రీ నోటిదగ్గర కూడు తీసినట్లు కాదా? నాకు ఈ పని నేర్పినది ఒక వృద్ధ మిస్త్రీయే. ఒడియా, తెలుగు, హిందీ కలగలిపి మాట్లాడేవాడు. మొదటిరోజున "సేఠ్‌గారూ, ఈ మసి మీకెందుకండీ? మేము లేమా?" అన్నాడు. నేర్పినందుకు అతని కూలి అతనికి ఇచ్చాను. కొన్ని నెలలకు అతనే, "మీతో ఇప్పుడు పని సుఖంగా ఉన్నదండీ. ఎందుకు మార్చానో మీకు చెప్పనక్కరలేదు" అన్నాడు. పని తెలియని యజమాని ప్రతి బిల్లునూ అనుమానిస్తాడు. నిజాయితీగల మిస్త్రీకి ఆ అనుమానమే పెద్ద కష్టం. పని తెలిసినవానికి, బోల్టు తుప్పుపట్టి బిగుసుకొంటే దానిని విరగకుండా తీయుటకు గంట పట్టునని తెలుసు. కావున అతడు ఆ గంటకు కూలి ఇచ్చేటప్పుడు గీచిగీచి బేరమాడడు. స్వయంగా పది బోల్టులు విప్పినవాడు మెకానిక్కు చేతులను చూచే చూపు మారుతుంది. చేతిపనిని తక్కువగా చూచే దోషం మన వర్తక కుటుంబాలలో కొంత ఉన్నదనుట కాదనలేము. ఆ దోషానికి ఇంతకంటె మంచి మందు లేదు. ఆయిల్ మార్పులో మిగిలిన కూలిని, పెద్ద పనికి ధారాళంగా ఇచ్చుటతో సరిచేయవచ్చును.

రెండవది: గంటకు ఇంత సంపాదించే వర్తకుడు గంటకు అంతకంటె తక్కువ ఖర్చయ్యే పనిలో కూర్చొనుట నష్టం కాదా? లెక్క సరియైనదే, ఆ గంట నిజంగా దుకాణంలో గడిచితే. ఆదివారం ఆ గంట ఫోను చూచుటలో గడిచేదైతే లెక్క తప్పు. పైగా కొన్ని పనుల విలువను కూలితో కొలవలేము. తల్లి స్వయంగా వడ్డించిన అన్నానికి హోటలు ధర కట్టము గదా!

మరమ్మతు చిన్న పని అనుకొనేవారు మన కళింగ చరిత్రను జ్ఞాపకం చేసికొనవలెను. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి కొండమీద హాథిగుంఫాలో ఖారవేలుని శాసనం ఉన్నది. అర్హంతులకు, సిద్ధులకు నమస్కారంతో అది మొదలవుతుంది. ఆ జైన చక్రవర్తి పట్టాభిషేకమైన మొదటి సంవత్సరంలో చేసిన పనిగా శాసనం ఏమి చెప్పుతున్నది? గాలివానకు దెబ్బతిన్న కళింగనగర ద్వారాలను, ప్రాకారాలను, భవనాలను బాగుచేయించాడని చెప్పుతున్నది. దండయాత్రలు తరువాతి సంవత్సరాలలో వస్తాయి. మొదటి పద్దు మరమ్మతే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మనమూ అదే నేలమీద విరిగినవి ఎత్తి, వంగినవి చక్కచేసి, మళ్ళీ దుకాణాలు తెరిచాము. గాలివానల దేశంలో బాగుచేసుకొనుట రాజుకైనా వర్తకునికైనా నిత్యధర్మమే.

అన్నింటికంటె కష్టమైన ప్రశ్న చివరికి మిగిలినది. పాతబండిని ఎంతకాలం ఉంచుకొనుట ధర్మం? ఒకవైపు చూస్తే, కొత్తకారు తయారుకావలెనంటే ఇనుపరాయి త్రవ్వవలెను, బొగ్గు కాల్చవలెను, నీరు వాడవలెను. పృథ్వీకాయ, అప్కాయ, అగ్నికాయ, వాయుకాయ జీవులన్నింటికీ అందులో బాధ ఉన్నది. ఉన్న బండిని పదేళ్ళు ఎక్కువ నడిపితే ఆ బాధ అంతమేరకు వాయిదా పడుతుంది. అపరిగ్రహానికీ అది అనుకూలం. ఇంకొకవైపు చూస్తే, పాత ఇంజను పొగ కొత్తదానికంటె ఎక్కువ. ఆ పొగ రోడ్డు ప్రక్క పకోడీలు వేసుకొనేవాని ఊపిరితిత్తులలోకి, స్కూలుకు పోయే పిల్లల ఊపిరితిత్తులలోకి పోతుంది. మనము మిగుల్చుకొన్న డబ్బుకు వారు ధర చెల్లించుట న్యాయం కాదు.

కావున నా బుద్ధికి తోచిన నిర్ణయం ఇది. చట్టం ప్రకారం స్వంత కారుకు మొదట 15 ఏళ్ళు, తరువాత తనిఖీలో నెగ్గితే ఐదేసి ఏళ్ళు రిజిస్ట్రేషను ఉంటుంది. మా బండికి 2019లో ఒకసారి, 2024లో ఒకసారి పొడిగించారు. అయితే చట్టం అడిగేది కనీసపు లెక్క. పొగ పరీక్షలో కాగితంమీద గాక నిజంగా నెగ్గినంతకాలం, బ్రేకులు నమ్మదగినంతకాలం, అడుగు రేకు గట్టిగా ఉన్నంతకాలం ఉంచుకొనవచ్చును. ఈ మూడింటిలో ఒకటి తప్పి, బాగుచేయుటకు వీలులేకపోతే విడువవలెను. డబ్బిచ్చి పొగ సర్టిఫికేటు తెచ్చుకొని నడిపే పాతబండి పొదుపు కాదు, లోభం.

విడుచుట సులభం కాదు. ఉమాస్వాతి ఆచార్యులు పరిగ్రహమంటే వస్తువుల లెక్క కాదనీ, వాటిమీది మూర్ఛ అనగా మమకారమేననీ తత్త్వార్థసూత్రంలో తేల్చారు. ఏటేటా కొత్తకారు కొనేవానికి కొత్తదానిమీద మూర్ఛ. స్వహస్తాలతో ప్రతి బోల్టు బిగించిన నావంటివానికి పాతదానిమీద మూర్ఛ. రెండూ ఒకే రోగం. "నేను బాగుచేసినది" అనే మాటలోని "నేను" పెద్దదైతే, ఆ కష్టమంతా కొత్త బంధమే అవుతుంది. విడిచేరోజున దానిని ప్రభుత్వం గుర్తించిన స్క్రాపు కేంద్రానికి ఇచ్చి, కాగితాలు రద్దు చేయించి రావలెను. మన బరంపురం ప్రభుత్వ ఐ.టి.ఐ.లో పిల్లలు పాత ఇనుప సామానుతో, బండ్ల విడిభాగాలతో నిలువెత్తు బొమ్మలు చేశారు. పొరుగూళ్ళనుంచి వచ్చి చూచిపోతారు. గేరుచక్రం కన్ను అయింది, గొలుసు తోక అయింది. ద్రవ్యం నశించదు, దాని పర్యాయం మాత్రం మారుతుందని మన తత్త్వం చెప్పేదానిని చిన్నపిల్లలకు అక్కడ చూపించవచ్చును.

చివరకు ఆచరణకు వీలైన నాలుగు నియమాలను సోదరుల ముందుంచుతాను. ఒకటి, బండి ఉన్న ప్రతి ఇంటిలో ఒకరైనా, కొడుకైనా కోడలైనా, వారానికొకసారి దానిని తెరచి చూడవలెను. రెండు, తీసిన ఆయిల్, పాత బ్యాటరీ ఎక్కడికి పోవునో తెలియకుండా ఏ షెడ్డులోను పని చేయించరాదు. కాలిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల క్రిందికి వచ్చే వస్తువు. మూతగల డబ్బాలో పోసి, దానిని తీసుకొనే అనుమతి ఉన్నవారికే చేర్చవలెను. మూడు, తెలియని పనికి చేయి పెట్టరాదు, తెలిసినవాని కూలికి కోత పెట్టరాదు. నాలుగు, పర్యుషణ సమయంలో ఇంటి వస్తువులకు హద్దులు పెట్టుకొనేటప్పుడు ఆనంద శ్రావకునివలె బండ్లను కూడా లెక్కలో చేర్చవలెను.

గృహస్థునికి బండి తప్పదు, బండి ఉన్నచోట కొంత హింసా తప్పదు. దానిని సున్నా చేయగలమని ఎవరూ అనరు. కాని చేయించిన పనిలో మన పాలు ఎంత అన్న ప్రశ్నకు, మనము ఎరిగి తగ్గించగలిగినంత పాలు మనదే అని నా సమాధానం. ఎరుగకపోవుట ఆ పాలును తగ్గించదు, తగ్గించుకొనే దారిని మూసివేస్తుంది. వచ్చే పర్యుషణలోగా మన కుటుంబాలలో నలుగురైనా బానెట్ ఎత్తి, పుల్ల తుడిచి, ఆయిల్ మట్టం చూచుట నేర్చుకొంటే ఈ నాలుగు మాటలు వ్రాసిన శ్రమ తీరినట్లే.